తాళం వేసిన ఇంట్లో చల్లని కడలి

కృష్ణా డెల్టాలో పిల్లల సెలవులు, పెళ్ళి ముహూర్తాలు, నడినెత్తి ఎండలు ఒకే కాలంలో కలిసి వస్తాయి. అందువల్ల ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెంచుకునే కుటుంబం ఎక్కువగా ఊళ్ళకు వెళ్ళే రోజులే ఆ తొట్టెకు మనిషి తోడు అత్యవసరమైన రోజులు కూడా అవుతాయి. మే నెల చివరి వారంలో మొదలై జూన్ మొదటి వారం దాకా సాగే రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. కూచిపూడి, పామర్రు, మొవ్వ పరిసరాల్లోని స్లాబు ఇళ్ళు పగలంతా తాగిన ఎండను రాత్రి పొద్దుపోయే వరకు గదుల్లోకి వదులుతూనే ఉంటాయి. ఎవరూ లేని అటువంటి ఇంట్లో, మూసిన తలుపుల వెనుక, 200 లీటర్ల నీటిని 28 డిగ్రీలు దాటనివ్వకుండా ఉంచడం సాధ్యమేనా? సాధ్యమే. అందుకు ముందుగా కావలసింది ఖరీదైన యంత్రం కన్నా, ఇంటికి తాళం వేసే అలవాటును ఒకసారి తిరగతోడి చూసుకునే ఓపిక. ఇంటి భద్రత కోసం ఆఖరి పది నిమిషాల్లో చేసే పనుల్లో చాలావరకు, అంటే కిటికీలు బిగించడం, మెయిన్ స్విచ్ ఆపడం, గదుల తలుపులు దగ్గరికి వేయడం వంటివి తొట్టెలోని ప్రాణులకు ఊపిరాడనివ్వని పనులే. వాటిని సరిదిద్దే క్రమాన్ని వివరించడమే ఈ అధ్యాయం ఉద్దేశం.

అతిథి ఎవరు?

భారతదేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, అండమాన్ నికోబార్, లక్షద్వీప్ ప్రాంతాల్లో ఉన్నాయి. ఒండ్రు కలిసిన నీటితో కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి వంటి చోట పగడాలకు కావలసిన తేట నీరు దొరకదు. కాబట్టి డెల్టాలోని ఇంటి తొట్టెలో ఉండే పగడమైనా, క్లౌన్ చేపైనా ఈ నేలకు అతిథి, దాని బాగోగులకు ఇంటివారే పూర్తి బాధ్యులు. ఆ బాధ్యతలో మొదటి మెట్టు చట్టం. 2001లో పగడాలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చారు కనుక, సముద్రంలో విరిచి తెచ్చిన పగడాన్ని ఎంత చవకగా ఇస్తామన్నా కొనకూడదు. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది కాబట్టి, అలా పెంచిన చేపలతో మాత్రమే ఉండే ఉప్పునీటి తొట్టె కొత్తవారికి అన్నివిధాలా మేలైన ఆరంభం. కింద చెప్పే జాగ్రత్తలన్నీ అటువంటి తొట్టెకు, చాలావరకు మంచినీటి తొట్టెకు కూడా వర్తిస్తాయి.

ముప్పు ఎంత దగ్గరగా ఉంటుంది?

పగడం రాయిలా కనిపించే జంతువు. దాని కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటూ, వెలుతురు సాయంతో ఆహారం తయారు చేసి అందులో అధికభాగాన్ని ఆశ్రయమిచ్చిన పగడానికే అందిస్తాయి. నీరు అలవాటైన గరిష్ఠ వేడి కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే నిలిస్తే పగడం ఆ శైవలాలను బయటికి నెట్టేసి పాలిపోతుంది. దీన్నే తెల్లబారడం అంటారు. 1998లో, 2010లో, 2014–17 మధ్య ప్రపంచమంతటా పగడాలు ఇలా తెల్లబారాయి, నాలుగో ప్రపంచవ్యాప్త తెల్లబారడం జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మహాసముద్రంలోనే ఇలా జరుగుతున్నప్పుడు గదిలోని తొట్టెకు వేడెక్కడానికి ఎంతసేపు పడుతుంది?

చేపలకు ముప్పు మరో దారిన వస్తుంది. సముద్రపు నీరు 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే 32 డిగ్రీల వద్ద 6 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. వేడి పెరిగేకొద్దీ చేపకు కావలసిన ప్రాణవాయువు మాత్రం పెరుగుతూ పోతుంది. నీటిలో కరిగి ఉన్న ఈ ప్రాణవాయువునే కైకలూరు, ముదినేపల్లి వైపు చెరువుల రైతులు డీఓ అంటారు, తెల్లవారుజామున డీఓ పడిపోయి చేప తేలుతుందన్న భయంతోనే వారు రాత్రుళ్ళు ఏరియేటర్లు తిప్పుతారు. ఇంటి తొట్టెలో కూడా డీఓ అత్యల్పంగా ఉండేది ఆ వేళలోనే. గుర్తుంచుకోవలసిన అంకెలు మూడు: 24 నుంచి 27 డిగ్రీల వరకు క్షేమం, 28 దాటితే జోక్యం చేసుకోవాలి, 30 దాటి నిలిస్తే అపాయం.

కుండ నేర్పే పాఠం

వేసవిలో కుండలోని నీరు చల్లబడడానికి కారణం దాని గోడల గుండా చెమ్మ ఊరి ఆవిరవడం, ఆ ఆవిరి తనతోపాటు వేడిని మోసుకుపోవడం. తొట్టె నీటిమీదుగా చిన్న ఫ్యాను గాలి తోలినప్పుడు జరిగేది కూడా ఇదే. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి పోతుంది, బయటి నుంచి కొత్త వేడి చేరకపోతే 200 లీటర్ల తొట్టె దాదాపు 3 డిగ్రీలు చల్లబడడానికి అది చాలు. కొద్దిపాటి కరెంటుతో నడిచే ఫ్యాను ఇంత పని చేస్తుంటే ఇక చింత దేనికి?

ఇక్కడే డెల్టా వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. వట్టివేళ్ళ తడకలు కట్టిన ఇళ్ళలో పెద్దలు గమనించిన సంగతి ఒకటుంది: పడమటి గాలి పొడిగా వీచినప్పుడు తడక గదిని చల్లబరుస్తుంది, సముద్రపు గాలి తిరిగి ఉక్కపోత మొదలైతే ఎంత తడిపినా ఫలితం తగ్గుతుంది. ఆవిరి ద్వారా నీటిని ఎంతవరకు చల్లబరచవచ్చో తెలిపే హద్దును తడి ఉష్ణోగ్రత అంటారు. గాలి 42 డిగ్రీలు ఉండి తేమ 25 శాతమే ఉంటే ఆ హద్దు 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 34 డిగ్రీలే అయినా తేమ 75 శాతం ఉంటే హద్దు 30 డిగ్రీలకు చేరుతుంది. అంటే ఫ్యానును నమ్ముకున్న తొట్టెకు నిప్పులు చెరిగే మధ్యాహ్నం కన్నా ఉక్కపోసే రాత్రే ఎక్కువ ప్రమాదకరం.

మూసిన గది ఈ ఉక్కపోతను తానే తయారు చేస్తుంది. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలి 32 డిగ్రీల వద్ద మోయగల ఆవిరి మొత్తం కలిపి సుమారు 1.4 లీటర్ల నీటికి సమానం. ఆ గాలిలో ముందే 60 శాతం తేమ ఉంటే మిగిలిన చోటు అర లీటరు పైచిలుకు మాత్రమే. రోజుకు నాలుగు లీటర్లు ఆవిరి చేయవలసిన తొట్టె ఆ గదిలో కొద్ది గంటలకే ఆవిరిని వదలలేని స్థితికి వస్తుంది. సందుల గుండా కొంత తేమ బయటికి పోతుందన్నది నిజమే కానీ, ఆ కొంతమీద ప్రాణాలను నిలబెట్టడం వివేకం కాదు. ఇంట్లో మనుషులు తిరుగుతూ తలుపులు తీస్తూ వేస్తూ ఉన్నన్నాళ్ళు చక్కగా పనిచేసిన ఫ్యాను, ఇల్లు మూసిన మరునాడే ఎందుకు విఫలమవుతుందో ఇప్పుడు స్పష్టమవుతుంది.

బయలుదేరే ముందు చేయవలసిన తొమ్మిది పనులు

1. వారం ముందు నుంచి కొలవాలి. రోజులోని కనిష్ఠ, గరిష్ఠ అంకెలను గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటరును తొట్టెలో ఒకటి, గదిలో ఒకటి ఉంచి, ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి అంకెలను రాసుకోవాలి. ఏ గదిలో ఏ వేళ వేడి పతాకస్థాయికి చేరుతుందో తెలియకుండా చేసే ఏర్పాటు చీకట్లో చేసినట్లే అవుతుంది. స్లాబు ఇళ్ళలో నీటి వేడి మధ్యాహ్నం కాకుండా సాయంత్రం పొద్దుపోయాక గరిష్ఠానికి చేరడం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

2. తొట్టె తనలో తాను పుట్టించుకునే వేడిని తగ్గించాలి. నీటిలో మునిగి పనిచేసే పంపు తీసుకునే కరెంటంతా చివరకు వేడిగా మారుతుంది. 40 వాట్ల పంపు ఒక రోజులో పుట్టించే వేడి, బయటికి పోయే దారి లేకపోతే, 200 లీటర్ల నీటిని సుమారు 4 డిగ్రీలు పెంచగలదు. కాబట్టి అవసరానికి మించిన పంపులను తీసేయాలి. హీటరును వేసవిలో ప్లగ్గు నుంచే ఊడదీయాలి, ఎందుకంటే దాని థర్మోస్టాట్ ఆన్‌లోనే ఇరుక్కుపోతే చల్లబరిచే ఏ ఏర్పాటూ నిలవదు. లైట్లను రోజుకు ఐదారు గంటలకు కుదించి టైమరుకు అప్పగించాలి. వేడికి తోడు తీవ్రమైన వెలుతురు కలిసినప్పుడే పగడం త్వరగా తెల్లబారుతుంది కాబట్టి ఈ కుదింపు రెండు విధాలా మేలు చేస్తుంది.

3. గాలి వచ్చే దారి, పోయే దారి రెండూ ఉంచాలి. నీటిమీదుగా గాలి తోలే ఫ్యానుతో పాటు గది నుంచి తేమను బయటికి పంపే ఎగ్జాస్టు ఫ్యాను ఉండాలి, ఎదురు గోడలో దోమల జాలీ బిగించిన వెంటిలేటరు తెరిచి ఉండాలి. నీటి వేడిని బట్టి ఫ్యాన్లను తానే వేసి ఆపే టెంపరేచర్ కంట్రోలర్‌ను అమర్చి 27 డిగ్రీల వద్ద ఫ్యాన్లు తిరిగేలా పెడితే మనిషి చేయి అవసరముండదు. పడమటి కిటికీలకు దళసరి తెరలు వేయడం మాత్రం మంచి అలవాటే, దాన్ని మానుకోనక్కర లేదు.

4. ఏసీని, చిల్లర్‌ను పరీక్షించాకే నమ్మాలి. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు కొన్ని ఏసీలు వాటంతటవే మొదలవుతాయి, కొన్ని రిమోటు నొక్కేదాకా కదలవు. మెయిన్ ఆపి, ఐదు నిమిషాల తరువాత వేసి చూస్తే ఇంట్లో ఉన్నది ఏ రకమో తేలిపోతుంది. తొట్టె నీటిని తన గుండా పంపి చల్లబరిచే యంత్రమైన చిల్లర్, నీటి నుంచి తీసిన వేడిని తన వెనుక నుంచి గదిలోకే వదులుతుంది. కాబట్టి దాన్ని బిగించిన అల్మారాలోనో మూసిన గదిలోనో పెడితే తాను వదిలిన వేడితో తానే పోరాడవలసి వస్తుంది. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోయే వీధుల్లో ఈ రెండింటికీ స్టెబిలైజర్ తప్పనిసరి.

5. ఆవిరైన నీటిని మంచినీటితోనే భర్తీ చేయాలి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే మిగిలిపోతుంది. 200 లీటర్ల తొట్టె నుంచి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున ఐదు రోజులు ఆవిరైతే, కిలోకు 35 గ్రాములుగా ఉన్న లవణీయత, అంటే నీటిలోని ఉప్పు పాలు, దాదాపు 39 గ్రాములకు చేరుతుంది. నీటిమట్టం తగ్గగానే మంచినీటిని పంపే ఆటో టాప్ ఆఫ్ అనే చిన్న పరికరాన్ని అమర్చి, రోజువారీ నష్టాన్ని ప్రయాణపు రోజులతో హెచ్చించి, వచ్చిన దానికి సగం అదనంగా కలిపి నీరు నిల్వ పెట్టాలి. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీరే ఉప్పగా ఉండవచ్చు కాబట్టి ఆర్‌ఓ నీటినే, టీడీఎస్ మీటరుతో చూసుకుని వాడాలి.

6. ఇన్వర్టరు లెక్కను కాగితంమీద వేయాలి. 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో పేరుకు 1,800 వాట్-గంటల శక్తి ఉన్నా, నష్టాలు పోగా వెయ్యి వాట్-గంటలు చేతికొస్తాయని అనుకోవడం క్షేమం. నీటిని కదిలించే 20 వాట్ల పంపు, 15 వాట్ల ఫ్యాను, ఇన్వర్టరు తాను తినే మరో 15 వాట్లు కలిపితే సుమారు 20 గంటలు నడుస్తుంది. అదే ఇన్వర్టరుమీద పొరపాటున రెండు సీలింగు ఫ్యాన్లు తిరుగుతూ ఉండిపోతే ఐదు గంటలకే ఖాళీ అవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలోని అనేక కాలనీలు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉండిపోయిన సంగతి మరువరాదు. అందుకే ఇన్వర్టరుకు తోడుగా, కరెంటు పోగానే తానే మొదలయ్యే చిన్న బ్యాటరీ ఎయిర్ పంపును కూడా సిద్ధం చేసుకోవాలి.

7. తొట్టెకు వేరే స్విచ్చు, వేరే దారి కల్పించాలి. తడి వల్ల ఒక పరికరంలో లీకేజీ వచ్చినప్పుడు ప్రాణరక్షణ కోసం కరెంటును ఆపేసే ఆర్‌సీసీబీ, ఆ లైనుమీదున్న అన్ని పరికరాలనూ కలిపి ఆపేస్తుంది. కాబట్టి పంపులను ఒక లైనుమీద, ఫ్యాన్లను మరో లైనుమీద ఎలక్ట్రీషియన్ చేత విడదీయించాలి. ప్రతి వైరూ ప్లగ్గుకు చేరే ముందు ఒకసారి కిందికి వేలాడి పైకి లేచేలా అమర్చితే, వైరు వెంట జారిన ఉప్పునీరు ప్లగ్గులోకి పోకుండా కిందనే బొట్టుబొట్టుగా రాలిపోతుంది.

8. మేతను పొట్లాలు కట్టాలి. ఆరోగ్యంగా ఎదిగిన చేపలు మూడు నాలుగు రోజులు మేత లేకున్నా తట్టుకుంటాయి. తినగా మిగిలి కుళ్ళిన మేత నుంచి పుట్టే అమ్మోనియా మాత్రం వేడి నీటిలో మరింత విషపూరితమవుతుంది. ఒక్కో పూటకు చిటికెడు చొప్పున విడివిడిగా పొట్లాలు కట్టి, వాటిమీద తేదీ రాసి, మేత డబ్బాను మాత్రం అటకమీద దాచేయాలి.

9. ఒక రోజు తాలీము జరపాలి. కూచిపూడిలో గజ్జె కట్టి వేదికెక్కే ముందు ఎన్ని తాలీములు జరుగుతాయో ఆ ఊరివారికి చెప్పనక్కర లేదు. తొట్టెకు మాత్రం ఆ అవకాశం ఎందుకు ఇవ్వకూడదు? ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు, ప్రయాణపు రోజు ఎలా తాళం వేస్తారో అచ్చంగా అలాగే వేసి, ఉదయం నుంచి రాత్రి వరకు ఇంటివారంతా బయట గడిపి, తిరిగొచ్చాక గరిష్ఠ అంకెను చూడాలి. అంకె 28 లోపు ఉంటే ప్రయాణం నిశ్చింతగా సాగవచ్చు. దాటితే సరిదిద్దుకోవడానికి ఇంకా నాలుగు రోజుల గడువు చేతిలో ఉంటుంది.

పక్కింటివారికి ఇచ్చే కాగితం

ఎంత పకడ్బందీ ఏర్పాటుకైనా రోజుకు ఒక్కసారి మనిషి చూపు తోడుండాలి. తాళంచెవి తీసుకునే పొరుగువారికి అక్వేరియం గురించి ఏమీ తెలియకపోవచ్చు, తెలియనక్కర కూడా లేదు. వారికి నోటిమాటగా పది విషయాలు చెప్పి వెళ్ళడం కన్నా పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి తొట్టె అద్దానికి అతికించడం మేలు. ఆ కాగితం ఇలా ఉండవచ్చు:

*పిన్నిగారికి నమస్కారం. రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి ఎర్ర మీటరులో అంకె చూసి, కింద గీసిన గళ్ళలో రాయండి.*

*అంకె 28 దాటితే ఫ్రీజర్లో గడ్డకట్టిన లీటరు సీసాలు రెండు తీసి, తొట్టె కింద ఉన్న నీళ్ళ పెట్టెలో నిలబెట్టండి. మూతలు తీయవద్దు. మాకు ఫోన్ చేయండి.*

*చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే నీలం రంగు పంపు బొత్తాం నొక్కండి. అది గాలి పంపు. వెంటనే ఫోన్ చేయండి.*

*కరెంటు లేకపోతే 1912కి చెప్పండి. మెయిన్ మాత్రం ఆపవద్దు.*

*మేత ఆ రోజు తేదీ ఉన్న పొట్లం ఒక్కటే. చేపలు అద్దం దగ్గరకు వచ్చి ఆకలిగా చూసినట్లు ఉంటాయి, అది వాటి అలవాటు, జాలిపడి ఎక్కువ వేయవద్దు.*

ఈ కాగితంలో పొరుగువారు చూడవలసిన అంకె ఒక్కటే, చేయవలసిన పనులు వేళ్ళమీద లెక్కపెట్టదగినవే. గడ్డకట్టిన లీటరు సీసా 200 లీటర్ల తొట్టెను సుమారు అర డిగ్రీ చల్లబరుస్తుంది కాబట్టి రెండు సీసాలు ఒక డిగ్రీ మేరకు ఊరటనిస్తాయి, అంతలోగా ఇంటివారికి ఫోన్ అందుతుంది. సీసాలు పెడితే కింది పెట్టెలో మట్టం పెరుగుతుంది, పంపులు ఆగినప్పుడు పైతొట్టె నుంచి కూడా కొంత నీరు దిగుతుంది. కాబట్టి ఆ పెట్టెలో ముందే తగినంత ఖాళీ ఉంచుకోవాలి.

తరచూ జరిగే పొరపాట్లు

మొదటి పొరపాటు మెయిన్ స్విచ్. అన్నీ సర్దుకుని ఆటో ఎక్కే వేళ, ఇంటిపెద్ద అలవాటుగా వెనక్కి వచ్చి మెయిన్ ఆపేయడం చాలా ఇళ్ళలో జరిగేదే. ఆ చేతికి తొట్టెమీద కోపమేమీ లేదు, ఏళ్ళ తరబడి ఇంటిని కాపాడిన జాగ్రత్తే ఆ పని చేయిస్తుంది. అందుకే మెయిన్ బోర్డుమీద ‘చేపలున్నాయి, ఆపవద్దు’ అని రాసి, ఆ అక్షరాలు వేలికి తగిలేటంత దగ్గరగా అతికించాలి.

రెండోది, ఐసు ముక్కలను నేరుగా నీటిలో వేయడం. ఐసు కరిగితే తొట్టెలో చేరేది మంచినీరు, ఒక్కోసారి క్లోరిన్ కలిసిన నీరు. దానివల్ల వేడి తగ్గేలోపే లవణీయత కుదుపుకు లోనవుతుంది. ఐసు ఎప్పుడూ మూసిన సీసాలోనే ఉండాలి.

మూడోది, ప్రయాణానికి ముందురోజు ఆర్భాటంగా తొట్టెను కడగడం. ఫిల్టరులోని పదార్థాన్ని కుళాయి నీటితో శుభ్రంగా పిండేస్తే, వ్యర్థాలను విరగ్గొట్టే మేలైన సూక్ష్మజీవులు కూడా పోతాయి. కొత్త చేపను చేర్చడానికి కూడా ఇది తగిన వారం కాదు. ఇటువంటి మార్పులేవైనా పది రోజుల ముందే ముగించాలి.

నాలుగోది, తొట్టె పైన గాజు మూత బిగించడం. చేపలు ఎగిరిపడకుండా ఉండడానికి సన్నని జాలీ చాలు. గాజు మూత ఆవిరిని బంధిస్తుంది, ఆవిరి ఆగితే చల్లదనం ఆగుతుంది.

ఐదోది, వేసవి వెళ్ళిపోయిందని జాగ్రత్తలు సడలించడం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గాలి వేడి తగ్గినా తేమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఫ్యానుకు మేలో ఉన్నంత బలం అప్పుడు ఉండదు.

రెండు సందర్భాలు

ఒక కుటుంబం మూడు రోజుల పెళ్ళికి రాజమండ్రి వెళ్ళాలనుకుందాం. ఇంట్లో ఏసీ లేదు, 120 లీటర్ల తొట్టెలో రెండు క్లౌన్ చేపలు, కొన్ని రొయ్యలు మాత్రమే ఉన్నాయి. ఈ కుటుంబానికి చిల్లర్ కొనవలసిన పని లేదు. ఎగ్జాస్టు ఫ్యాను, కంట్రోలర్, తెరిచిన వెంటిలేటరు, బ్యాటరీ ఎయిర్ పంపు, ఆరు గంటలకే పరిమితమైన లైటు, తాలీము జరిపిన ఒక రోజు, పక్కింటి పిన్నిగారి సాయంత్రపు చూపు ఉంటే సరిపోతుంది. మేత పొట్లాలు కూడా అవసరం లేదు, మూడు రోజుల ఉపవాసం ఆ చేపలకు చేటు చేయదు.

మరో కుటుంబం నాట్య ప్రదర్శనల కోసం మే నెలలో పది రోజులు ఇతర రాష్ట్రాలకు వెళ్ళాలనుకుందాం. తొట్టె 300 లీటర్లది, అందులో పగడాలు కూడా ఉన్నాయి. ఇక్కడ ఫ్యాను ఒక్కదానిమీద ఆధారపడడం తగదు, ఎందుకంటే పది రోజుల్లో కనీసం కొన్ని రాత్రులైనా ఉక్కపోత తప్పదు. గది తేమను కూడా తీసేసే ఏసీ గాని, వరండా నీడలోకి వేడిని వదిలేలా అమర్చిన చిల్లర్ గాని ప్రధాన రక్షణ కావాలి, ఫ్యాను దానికి రెండో వరుస కావాలి, ఎయిర్ పంపు మూడో వరుస కావాలి. ఒకటి ఆగితే మరొకటి అందుకునేలా ఉన్నదే రక్షణ, ఒకే యంత్రం ఎంత ఖరీదైనదైనా అది ఆశ మాత్రమే. నీటి వేడిని ఫోనుకు పంపే వైఫై సెన్సరు పెట్టినట్లయితే, రూటరును కూడా ఇన్వర్టరుమీదే ఉంచాలన్న చిన్న విషయాన్ని మరవకూడదు. కరెంటు పోయిన క్షణంలోనే ఆ సమాచారం అత్యవసరం కదా.

తిరిగి వచ్చాక

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఒక్కోసారి తలుపు తీయగానే మీటరులో 31 కనిపించవచ్చు. అప్పుడు కంగారుపడి ఒక్కసారిగా చల్లబరచడం రెండో దెబ్బ అవుతుంది. ముందుగా ఎయిర్ పంపు వేసి ప్రాణవాయువు అందించాలి, కిటికీలు తెరవాలి, లైట్లు ఆపాలి, ఆ తరువాత సీసాలతోనో ఏసీతోనో గంటకు ఒక డిగ్రీకి మించకుండా వేడిని దించాలి. చనిపోయిన ప్రాణులు ఉంటే వెంటనే తీసివేసి, అమ్మోనియా, లవణీయత పరీక్షించి, తొట్టె నీటితో సమానమైన ఉప్పదనం, వేడి ఉన్న కొత్త నీటితో పది నుంచి ఇరవై శాతం మార్చాలి.

పగడం తెల్లబారి కనిపిస్తే దాన్ని పారవేయడానికి తొందరపడరాదు. తెల్లబారిన పగడం చచ్చిన పగడం కాదు. కణజాలం ఇంకా అంటుకుని ఉంటే, నిలకడైన చల్లని నీరు, మందమైన వెలుతురు దొరికిన కొన్ని వారాలకో నెలలకో శైవలాలు తిరిగి చేరి రంగు రావచ్చు. సముద్రంలోని దిబ్బలు కూడా వేడి తగ్గాక ఇలాగే కోలుకోవడానికి ప్రయత్నిస్తాయి. అయితే సముద్రపు వేడిని తగ్గించడం ఏ ఒక్క ఇంటి చేతిలోనూ లేదు, ఈ గదిలోని వేడి మాత్రం ఇంటివారి చేతిలోనే ఉంది.

ఇంటికి తాళం వేసే వేళ దేవుడి గదిలో దీపం కొండెక్కిందా, గ్యాసు కట్టేశామా అని ఒకటికి రెండుసార్లు చూసుకోవడం తెలుగిళ్ళలో పెద్దలు నేర్పిన పద్ధతి. ఉప్పునీటి తొట్టె ఉన్న ఇంట్లో ఆ వరుసకు మరో మూడు చూపులు చేరాలి: వెంటిలేటరు తెరిచి ఉందా, మెయిన్ వేసి ఉందా, తాళంచెవి పిన్నిగారికి చేరిందా. ఈ మూడూ సరిగ్గా ఉంటే ప్రయాణపు రోజుల్లో ఇంటివారి మనసు ఇంటి దగ్గర చిక్కుకోదు, ఎక్కడి సముద్రం నుంచో వచ్చిన ఆ అతిథి కూడా ఇంటివారు తిరిగొచ్చేవరకు తన నీటిలో తాను చల్లగా ఉంటుంది.